ట్రంకు లైను నుంచి నెట్ న్యూట్రాలిటీ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండవ రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో ఐదేళ్లు చదివినా నన్ను ఒక్కరోజు కూడా ఎవరూ మైకు ముందుకు పిలవలేదు. పిలవాల్సినంత పని నేనూ చేయలేదు. నేను వెనక బెంచీలో కిటికీ పక్క కూర్చునేవాణ్ణని 1973 బ్యాచి వాళ్లందరికీ తెలుసు. ఇన్నేళ్లకు కార్యదర్శిగారు ఫోన్ చేసి, "టెలిఫోన్ల శాఖలో నలభై ఏళ్లు చేశావు కదా, ఇంటర్నెట్టు గురించి మన పిల్లలకు ఉపయోగపడే మాటలు నాలుగు చెప్పు" అన్నారు. నేను ఆపరేటరుగా చేరి సబ్ డివిజనల్ ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి. కంప్యూటరు పండితుణ్ణి కాను. నాకు తెలిసింది లైను సంగతి. అందుకని లైను గురించే మాట్లాడతాను. మధ్యలో ఒక తప్పు కూడా ఒప్పుకోవాల్సి ఉంది. దానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకదు.

1977లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మన ఊరి ఎక్స్ఛేంజి ఎలా ఉండేదో ఇక్కడున్న కుర్రవాళ్లు ఊహించలేరు. పోస్టాఫీసు వెనక రెండు గదులు. ఒక గదిలో బ్యాటరీలు, ఇంకో గదిలో బోర్డు. ఊరు మొత్తానికి వంద ఫోన్లు కూడా లేవు. ఫోనుకు డయల్ ఉండదు. పక్కనున్న పిడి తిప్పితే మా బోర్డు మీద ఆ నంబరు రేకు టప్పున పడుతుంది. నేను తాడు గుచ్చి "నంబర్ ప్లీజ్" అంటాను. వాళ్లు నంబరు చెప్పరు, "కరణంగారింటికి ఇవ్వు" అంటారు. ఇస్తాను. పొరుగూరితో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేయాలి. బయటి ప్రపంచానికి మాకున్నవి రెండే ట్రంకు లైన్లు. బుక్ చేసినవాళ్ల పేరున టికెట్టు రాసి, టైము వేసి, వరసలో పెట్టాలి. లైను ఖాళీ అయితే ఆ వరసలో మొదటి టికెట్టు తీయాలి. రూలు అది.

ఆ రూలును తీసేవాణ్ణి నేనే, పెట్టేవాణ్ణీ నేనే.

1979 వేసవి. పొగాకు కొనుగోళ్ల సీజను. ఊళ్లో ఒక వ్యాపారి ఉండేవారు. ఆయన మనిషి మంచివాడే. సంక్రాంతికి మా స్టాఫందరికీ అరిసెలు పంపేవారు, కొత్త సినిమా వస్తే టికెట్లు పంపేవారు. సీజనులో గుంటూరుకు, మద్రాసుకు రోజుకు పది కాల్స్ బుక్ చేసేవారు. లంచం అని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఆరింటికి మన లెక్కల మాస్టారు బూతు దగ్గరికి వచ్చారు. పెద్దమ్మాయి గుంటూరులో ఆసుపత్రిలో ఉంది, తొలి కాన్పు. ఆసుపత్రి పక్కన తెలిసినవాళ్ల మందుల కొట్టుంది, అక్కడికి ఫోన్ చేస్తే కబురు చెబుతారు. ఆర్డినరీ కాల్ బుక్ చేసి బల్ల మీద కూర్చున్నారు. అర్జంటు కాల్‌కు రెట్టింపు చార్జీ. మేష్టర్ల జీతాలు ఆ రోజుల్లో ఏపాటివో మొదటి వరసలో ఉన్నవారికి నేను చెప్పక్కర్లేదు.

వరసలో ఆయన ముందు ఒక్క టికెట్టే ఉంది. కానీ లోపల్నించి వ్యాపారిగారి కాల్స్ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అవి కూడా ఆర్డినరీయే. నేను వాటిని ముందుకు జరుపుతూ వచ్చాను. ఎనిమిదింటికి మాస్టారు కిటికీ దగ్గరికి వచ్చి, "నాకంటే ముందు ఇంకా ఎంతమంది ఉన్నార్రా?" అని అడిగారు. "నలుగురున్నారు మాస్టారూ" అన్నాను. లెక్కలు చెప్పిన మనిషికే తప్పుడు లెక్క చెప్పాను. తొమ్మిదింబావుకు లైను ఇచ్చేసరికి అవతల మందుల కొట్టు కట్టేశారు. ఎవరూ ఎత్తలేదు. ఆయన ఏమీ అనకుండా కండువా దులుపుకొని రాత్రి బస్సుకు వెళ్లిపోయారు. తల్లీబిడ్డా క్షేమమని ఆయనకు తెలిసింది తెల్లారాక ఆసుపత్రి గుమ్మంలోనే. ఆ పుట్టినవాడు 1994 బ్యాచి, ఇవాళ ఈ సభలో ఉన్నాడు. అబ్బాయీ, మీ తాతగారికి చెప్పలేకపోయిన మాట నీకు చెప్పుకుంటున్నాను. మీ తాతగారు ఆ రాత్రి బస్సులో ఎలా కూర్చున్నారో నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు విషయానికి వస్తాను. ఇదంతా విషయమే అనుకోండి.

మా ఉద్యోగంలో ట్రైనింగుకు వెళ్లినప్పుడు ఒక కథ చెప్పేవారు. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అని ఒకాయన అంత్యక్రియల సామగ్రి వ్యాపారం చేసేవాడు. ఆయన కోసం వచ్చే ఫోన్లను ఆపరేటరు ఇంకో దుకాణానికి కలిపేస్తోందని ఆయన అనుమానం. మనుషులే లేని ఎక్స్ఛేంజి కావాలని పట్టుబట్టి, దానంతట అదే లైను కలిపే యంత్రాన్ని కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఆపరేటరు కథలో నిజమెంతో గాని యంత్రం మాత్రం నిజం. మన దేశంలో పెద్ద ఊళ్లన్నిటిలో ఎన్నో ఏళ్లు స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీలే పనిచేశాయి. వాటిని మరమ్మతు చేస్తూనే నేను జూనియర్ ఇంజనీరునయ్యాను. ఆ ఉక్కు మెట్ల మీద సెలెక్టరు టకటకా ఎక్కుతుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపించేది. దీనికి అరిసెలు పంపేవాళ్లు లేరు.

ఇంటర్నెట్టు మొదలైనప్పుడు అది కూడా అలాంటి బుద్ధితోనే కట్టిన వ్యవస్థ. మీరు పంపే ఫోటో అయినా, మాటైనా చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ఒక్కో ప్యాకెట్టు మీద చిరునామా ఉంటుంది. మధ్యలో ఉన్న రూటరు పని ఆ చిరునామా చూసి ముందుకు తోయడం. లోపలున్నది పెళ్లి శుభలేఖా, పరీక్ష ఫలితమా అన్నది దానికి అనవసరం. లైను నడిపే కంపెనీ ఎవరి ప్యాకెట్టునూ ఆపకూడదు, మెల్లగా పంపకూడదు, డబ్బు పుచ్చుకొని ఒకరిని ముందుకు తీయకూడదు. దీనికే నెట్ న్యూట్రాలిటీ అని పేరు. 2003లో టిమ్ వూ అనే అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. తర్వాత తర్వాత ప్యాకెట్టు లోపల తొంగిచూసే యంత్రాలు వచ్చాయి. అంటే బోర్డు ముందు మళ్లీ ఒక ఆపరేటరు కూర్చున్నాడు. ఈసారి అతనికి తాళ్లు కోట్లు.

మన దేశంలో ఈ గొడవ 2014 డిసెంబరులో రాజుకుంది. ఎయిర్‌టెల్ కంపెనీ ఇంటర్నెట్టు ద్వారా చేసే వాయిస్ కాల్స్‌కు వేరేగా డబ్బు తీసుకుంటామని ప్రకటించింది. జనం మండిపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకుంది. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి నేను ఇంకా సర్వీసులో ఉన్నాను. మా స్టాఫ్ మీటింగుల్లో, "లైన్లు మనవి, తవ్వకాలు మనవి, వాటి మీద ఊరేగేది మాత్రం వాట్సాప్ వాడా?" అని ఎవరైనా అంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎస్సెమ్మెస్ ఆదాయం కళ్ల ముందే ఎండిపోతుంటే ఆ బాధ నిజమే. కానీ చల్లగా ఆలోచిస్తే, వాడుకదారుడు డేటాకు డబ్బు కడుతూనే ఉన్నాడు. అవతల సైటువాడు తన కనెక్షన్‌కు తాను కట్టుకుంటూనే ఉన్నాడు. ఏం మాట్లాడుతున్నావో చూసి మూడోసారి వసూలు చేస్తాననడం వేరే సంగతి.

2015 మార్చి 27న ట్రాయ్, అంటే టెలికం నియంత్రణ సంస్థ, ఈ సేవలన్నిటినీ ఎలా నియంత్రించాలో అభిప్రాయాలు చెప్పండంటూ ఒక చర్చాపత్రం విడుదల చేసింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు, గట్టి ఇంగ్లీషు. నేను రెండు ఆదివారాలు కూర్చుంటే గాని పూర్తి కాలేదు. అలాంటి పత్రాలకు మామూలుగా కంపెనీలు, లాయర్లు తప్ప ఎవరూ జవాబు రాయరు. ఈసారి కొందరు కుర్రవాళ్లు సేవ్ ది ఇంటర్నెట్ అని సైటు పెట్టి, ప్రశ్నలను మామూలు మాటల్లోకి మార్చి, జవాబు ఎలా పంపాలో చూపించారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కు చేరాయి. ట్రాయ్ వాటన్నిటినీ పంపినవాళ్ల ఈమెయిల్ అడ్రసులతో సహా తన సైటులో పెట్టేసి ఇంకో చీవాట్లు తింది, అది వేరే కథ. అదే ఏప్రిల్లో ఎయిర్‌టెల్ జీరో అనే పథకం వచ్చింది. డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లు వాడితే మనకు డేటా ఖర్చు ఉండదు. ఫ్లిప్‌కార్ట్ అందులో చేరబోయి, జనం కోపం చూసి వారం తిరగ్గానే తప్పుకుంది.

అసలు పట్టు మాత్రం ఫేస్‌బుక్‌తో పడింది. అందులో మన రెండు రాష్ట్రాలూ మొదటి నుంచీ ఉన్నాయి. 2015 ఫిబ్రవరి 10న రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పేరుతో ఉచిత సేవ మొదలుపెట్టినప్పుడు, తొలి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. తొలి భాషల్లో తెలుగు ఉంది. ముప్పైకి పైగా సైట్లు ఉచితం. వాటిలో ఫేస్‌బుక్ ఉంది, వికీపీడియా ఉంది. గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు. ఆ ముప్పై దాటి అడుగేస్తే డబ్బు కట్టాలి. సెప్టెంబరులో దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది.

"పేదవాడికి ఉచితంగా ఇస్తే తప్పేమిటి?" ఈ ప్రశ్న నన్ను అప్పుడు అడిగినవాడు నా బెంచీ మిత్రుడే. ఏజెన్సీలో హెడ్మాస్టరుగా చేసేవాడు. "నీకు బ్రాడ్‌బ్యాండు ఉంది కాబట్టి సిద్ధాంతాలు మాట్లాడతావు. మా పిల్లలకు వికీపీడియా అయినా వస్తుంది కదా. గంజి కూడా వద్దంటావా?" అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. వాడు అడిగింది కంపెనీ కోసం కాదు, పిల్లల కోసం.

నాలుగు రోజులు ఆలోచించి నేను చెప్పిందిది. గంజి పోయడం మంచిదే. కానీ గంజి కేంద్రం పెట్టినవాడే ఊరి బజారుకు గేటు కూడా పెట్టి తాళం చెవి మొలకు కట్టుకుంటే? మీ పిల్లల్లో ఒకడు పెద్దవాడై కోయ పాటల సైటు ఒకటి పెట్టాడనుకో. అది ఆ ముప్పైలో ఉండాలంటే కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు పెట్టిన షరతులకు లోబడి దరఖాస్తు చేసుకోవాలి. ఇంటర్నెట్టు అంటే ఇంతే కాబోలు అనుకునే పిల్లలు ఆ పాటల దాకా ఎలా వస్తారు? పోస్టు కార్డుకు ప్రభుత్వం ధర తగ్గించింది. పత్రికలకు టపా ఖర్చులో రాయితీ ఇచ్చింది. కానీ ఫలానా పత్రికకే ఇస్తానని ఎన్నడూ అనలేదు. వాడు ఒప్పుకోలేదు. ఇద్దరం చాలా రోజులు ఫోన్లు చేసుకోలేదు కూడా. ఇవాళ కుడిపక్క మూడో వరసలో నవ్వుతూ కూర్చున్నాడు.

2015 డిసెంబరులో ట్రాయ్ మళ్లీ ఒక పత్రం విడుదల చేసింది. ఈసారి ప్రశ్న సూటిగా ఉంది. సైటును బట్టి డేటా ధర మార్చవచ్చా, కూడదా? అప్పుడు ఫేస్‌బుక్ చేసిన ప్రచారం మీకు గుర్తుండే ఉంటుంది. పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలు, రోడ్ల మీద హోర్డింగులు. ఫేస్‌బుక్ తెరిస్తే, ఫ్రీ బేసిక్స్‌ను కాపాడమంటూ ట్రాయ్‌కు పంపడానికి ముందే రాసిపెట్టిన ఉత్తరం. నొక్కితే చాలు, మీ పేరుతో వెళ్తుంది. లక్షల ఉత్తరాలు వెళ్లాయి. కానీ ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబు లేదు. మేం అడిగింది ఇది, మీరు పంపించింది వేరే అని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు కటువుగానే రాసింది. మరోపక్క ఐఐటీల, ఐఐఎస్‌సీ అధ్యాపకులు కొందరు ఈ పథకం వద్దని ప్రకటన ఇచ్చారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘాల పిల్లలు రోడ్డెక్కారు.

2016 ఫిబ్రవరి 8న తీర్పు లాంటి నిబంధన వచ్చింది. ఏం చూస్తున్నావన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదు. మారిస్తే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. అత్యవసర పరిస్థితుల్లో మాత్రం సడలింపు ఉంది. మూడు రోజులకు ఫ్రీ బేసిక్స్ మన దేశం నుంచి వెళ్లిపోయింది. ఆ మధ్యలో ఫేస్‌బుక్ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్, వలస పాలనను వ్యతిరేకించడమే భారతీయులకు చేటు చేసిందన్న అర్థం వచ్చేలా ట్వీటు చేసి, మర్నాడు క్షమాపణ చెప్పుకున్నాడు. ఉచితం ఇచ్చేవాడి మనసులో ఏముందో ఒక్కోసారి నోరు జారితే గాని తెలియదు.

జరిమానా మరీ తక్కువనే నా అభిప్రాయం. రోజుకు 50 వేలు ఆ కంపెనీలకు టీ ఖర్చు. అయినా నిబంధన నిలిచింది. 2018 జులైలో కేంద్రం మిగతా సూత్రాలనూ ఆమోదించింది. ఆపడం, మందగింపజేయడం, డబ్బుకు ముందుకు తీయడం లైసెన్సు షరతుల కిందే కూడనివయ్యాయి. ఈ మాట పుట్టిన అమెరికాలో 2015లో పెట్టిన నిబంధనను 2017లో తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. మనం పట్టుకుని ఉన్నాం. ఈ సంగతి మన పిల్లలకు సోషల్ పాఠంలో చెప్పదగ్గదే.

నా మిత్రుడి ప్రశ్నకు జవాబు మాత్రం నిబంధన ఇవ్వలేదు, సంత ఇచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు నేలకు దిగాయి, ఏజెన్సీ పిల్లలకు కూడా మొత్తం ఇంటర్నెట్టు చేతికొచ్చింది. టవరున్న చోట. అదే ఏడాది డిసెంబరులో, పల్లెల్లో ప్రతివాళ్లకీ నెలకు 100 ఎంబీ, ఏ సైటుకైనా వాడుకునేలా ఉచితంగా ఇవ్వమని ట్రాయ్ సిఫార్సు చేసింది. గంజి సమస్యకు సరైన జవాబు అదే అని నేనంటాను. అది సిఫార్సుగానే ఉండిపోయింది. ఇంకో సంగతి, అప్పుడు డజను కంపెనీలుండేవి. ఇప్పుడు పెద్దవి చెప్పుకోవాలంటే ఒక చేతి వేళ్లు ఎక్కువ. సంత ఇచ్చినదాన్ని సంతే వెనక్కు తీసుకోవచ్చు. ఈమధ్య రీచార్జి చేయించుకున్నవాళ్లకు తెలుసు.

గొడవ ముగిసిందనుకోకండి. ఎక్కువ డేటా పారించే పెద్ద కంపెనీలు తమకు వాటా ఇవ్వాలని టెలికం కంపెనీలు అడుగుతూనే ఉన్నాయి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ ఇస్తే మనకేం నష్టం అనిపిస్తుంది. దక్షిణ కొరియాలో ఇలాంటి చార్జీలు భరించలేమని ట్విచ్ అనే ఆటల వీడియో సంస్థ 2024 ఫిబ్రవరిలో దుకాణం ఎత్తేసింది. దాని వెనక అమెజాన్ ఉన్నా ఆ పని చేసింది. ఇక చిన్నవాడి గతేమిటి?

పైగా ఇప్పుడు గేటు లైను దగ్గర ఒక్కచోటే లేదు. 2024 మార్చిలో ఫీజు తగాదాలో గూగుల్ తన ప్లే స్టోరు నుంచి మన దేశపు పెళ్లి సంబంధాల యాప్‌లను, ఉద్యోగాల యాప్‌లను ఒక్కపూటలో తీసేసింది. ప్రభుత్వం కల్పించుకున్నాక కొద్ది రోజుల్లో మళ్లీ పెట్టింది. అంతకు ఏడాదిన్నర ముందు మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో ఆ కంపెనీకే 1,337 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. ట్రాయ్ నిబంధనలు లైను నడిపేవాడికి వర్తిస్తాయి. దుకాణం నడిపేవాడికి, మనకు ఏ వార్త ముందు చూపాలో నిర్ణయించేవాడికి వర్తించవు. ఆ వరస ఎవరు పెడుతున్నారో మనకు కనబడదు. బోర్డు గది కిటికీ కూడా లేదు వెళ్లి అడగడానికి.

మన సంఘం సంగతే చూడండి. యాభై ఏళ్ల కిందట పదిహేనుమంది కార్డు ముక్కలు రాసుకుని మొదలుపెట్టిన సంఘం ఇది. ఇవాళ వందల మందిమి అమెరికాలో, ఆస్ట్రేలియాలో, పక్క వీధిలో ఉన్నాం. అందరం ఉన్నది ఒక్క వాట్సాప్ గ్రూపులో. అదీ ఆ ఫేస్‌బుక్ వారిదే, ఇప్పుడు మెటా అంటున్నారు. నేను వద్దనడం లేదు, రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగులు పంపేవాళ్లలో మొదటివాణ్ణి నేనే. కానీ ఈ ఉత్సవాలకు పిలుపులు పంపుదామని కమిటీలో కూర్చుంటే తేలిందేమిటంటే, 1998 తర్వాత చేరిన సభ్యుల చిరునామా ఒక్కటి కూడా మన రిజిస్టరులో లేదు. గ్రూపులో ఉన్నారు కదా అని ఎవరూ రాయలేదు. గ్రూపులో లేనివాళ్లకు, స్మార్ట్ ఫోను వాడని మా పెద్ద గురువులకు, పిలుపు దాదాపు అందలేదు. ఇద్దరు మాస్టార్లకు నిన్న రాత్రి మనిషిని పంపి చెప్పించాం.

అందుకని పాత రిజిస్టరును మళ్లీ తెరిచాం. నీలం అట్ట, 1975 నాటిదే, ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. భోజనాల షెడ్డు పక్కన బల్ల మీద పెట్టించాను. ఏ కంపెనీతోనూ పని లేకుండా మిమ్మల్ని చేరుకునే చిరునామా, ఫోను నంబరు అందులో రాసి వెళ్లండి. మీ బ్యాచిలో ఇవాళ రాలేకపోయినవాళ్లవి తెలిస్తే అవీ రాయండి. రాయించడానికి అక్కడ నేనే కూర్చుంటాను. వరస ప్రకారమే రాయిస్తాను.